ఇరవై అడుగుల నవ్వు

రాజోలు సెంటర్లో ఫ్లెక్సీల షాపండి నాది.
ఆ మనిషి పళ్ళు ఒక్కోటీ ఇటుకంత ఉంటాయని
ఈ సీమలో నాకంటే ముందు ఎవడికీ తెలీదు.
నా మిషను వెడల్పు పదడుగులే.
ఇరవై అడుగుల మొహం కావాలంటే
రెండు ముక్కలు కొట్టి, ముక్కు మీదుగా అతుకేసి
వేడిగాలి పట్టించాలి.
అతుకు కనపడితే డబ్బులివ్వరు.
కనపడకపోయినా ఇవ్వరనుకోండి, అది వేరే సంగతి.

దగ్గరికెళ్తే మొహం ఉండదు.
నీలం చుక్క, గులాబీ చుక్క, పసుపు, నలుపు.
కంటిపాప మీద వేలు పెట్టి
పనికొచ్చిన కుర్రాణ్ణి అడిగాను:
"ఇందులో హీరో ఎక్కడున్నాడ్రా?"
వాడు రెండడుగులు వెనక్కేసి
"ఇదిగో, వచ్చేశాడు" అన్నాడు.

ఆర్డరు కాగితం ఇంకా సొరుగులోనే ఉంది.
హీరో ఇరవై, అభ్యర్థి నాలుగు,
నడుం దాకా, చేతులు జోడించి.
"మరీ పొట్టిగా లేరాండీ?" అంటే
"ఆయన్ని చూసి ఎవడేస్తాడయ్యా" అన్నాడు
అభ్యర్థి బావమరిది.

రెండింటికని చెప్పి ఆరింటికొచ్చాడు.
దింపులోళ్ళు చెట్లు దిగి వచ్చేశారు.
షెడ్డులో రొయ్య తలలు తీసే ఆడాళ్ళు
చేతులైనా కడక్కుండా పరిగెత్తి,
ఐసు నీళ్ళకి తెల్లగా నానిన వేళ్ళు ఊపారు.
చెరువులకి మేత తీసికెళ్ళే లారీ
కాలవ వంతెన మీద ఆగిపోయి
డ్రైవరు దాని నెత్తికెక్కాడు.
ఆయన చెయ్యెత్తాడు. చెప్పింది ఒక్క ముక్క:
"నన్ను నమ్మితే ఈయన్ని నమ్మండి."
ఈయన పేరు మాత్రం మర్చిపోయాడు,
వెనకనుంచి ఎవరో అందించారు.

ఆరు వందల పదకొండు ఓట్లతో గెలిచాడండి.
గెలిచాక అందరూ వాటాకొచ్చారు.
"మా అన్న మాట" అన్నారు సంఘం కుర్రాళ్ళు.
"మాట కాదు, కవరు" అన్నాడు
రాత్రిళ్ళు లంకల్లో తిరిగొచ్చినాయన.
కులపెద్ద మీసం నిమిరి ఊరుకున్నాడు,
ఊరుకోవడమే ఆయన లెక్క.

నూకరత్నాన్ని అడిగాను.
మొదటాట కోసం రెండ్రోజుల కూలి వదులుకునే మనిషి,
ఈలేస్తే గోదారి అవతల పడవ ఆగుతుంది.
"ఆడికెయ్యలేదు" అంది.
"అదేంటే, నీ హీరో చెప్పాడుగా!"
"తెర మీద ఏం చెప్పినా ఇంటాను.
మా పేట బోరులో ఉప్పు నీళ్ళొత్తన్నాయి,
ఆ ముక్క ఆయన చెప్పలేదుగా?"

సోమేశం మాస్టారు సినిమా చూడరు.
ముప్పయ్యేళ్ళుగా ఒకటే గుర్తు, ఈసారి మార్చారట.
ఎంత అడిగినా నీళ్ళు నమిలి, చివరికి
"మనవరాలు ఫోన్లో చూపించిందయ్యా,
ఆ అబ్బాయి దగ్గుతూ మాట్లాడాడు.
జ్వరంతో వచ్చాడు, పాపం."
దీన్ని ఏ పద్దులో రాసుకోమంటారు?

మొన్న గాలివానకి అతుకు ఊడింది.
ఎడమ కన్ను మలికిపురంలో కొబ్బరి రాశి మీద,
కుడి కన్ను బాతుల దొడ్డి మీద.
నవ్వు ఎవరు పట్టుకెళ్ళారో తెలీదు.

నా సంగతంటారా.
అట్టముక్క వెనక నేనొక్కణ్ణే.
ఆ అతుకు ఎక్కడుందో తెలిసినవాణ్ణి,
చుక్కలు లెక్కెట్టగలిగినవాణ్ణి.
వేలు వేరే గుర్తు దాకా తీసికెళ్ళాను.
తీసికెళ్ళానండి, అబద్ధం చెప్పను.
ఈలోగా ఎనిమిదో క్లాసు కుర్రాడొకడు,
బెంచీ టిక్కెట్టు దొమ్మీలో చొక్కా చింపుకున్నవాడు,
నా లోపల
రెండడుగులు వెనక్కేశాడు.

మిషను కూత చాలాసేపు మోగింది.
అద్దంలో చీటీ కాసేపు నిలబడి కింద పడింది.

ఆయ్, పాతిక ఫ్లెక్సీల బాకీ
ఇంకా రాలేదండి.